ఆరు, పదకొండు, రెండు

అద్దంకి బస్టాండు వెనక సందులో జక్రయ్య గారి ఫొటో స్టూడియో ఉండేది. అందులో కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే కరీమున్ పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉండేవి. మాట మాత్రం బయటికి వినపడేది కాదు. చూసినవాళ్లు, పాపం భక్తిపరురాలు, పనిలో కూడా దేవుణ్ణి మరవదు అనుకునేవాళ్లు. జక్రయ్య గారి కొడుకు బెన్నీ ఇంకో మెట్టు పైకెక్కి, "ష్, అక్క దువా చేసుకుంటోంది, కాసేపు మాట్లాడమాకండి" అని ఫొటోలకు వచ్చిన పార్టీలను గదమాయించేవాడు.

ఆవిడ చేసేది దువా కాదు. లెక్క. ఆరు, పదకొండు, రెండు.

ఫొటోషాపులో పైన ఒక వరస మాటలుంటాయి. అందులో ఎడమ నుంచి ఆరోది నొక్కితే కిందికి పెద్ద జాబితా జారుతుంది. ఆ జాబితాలో పదకొండోదాని మీద బాణం పెడితే పక్కన చిన్న జాబితా. అందులో రెండోది నొక్కితే తెల్లటి తెర మీద, ఏకిన దూది కుప్ప పోసినట్టు, వెలుగూ నీడా పొరలుపొరలుగా పరుచుకుంటాయి. ఆ మాటలు ఏమిటో కరీమున్‌కి తెలియదు. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. అయిదో తరగతితో బడి ఆగిపోయింది, ఆ బడిలో ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలయ్యేది. ఒక్క ఏడాది తేడాలో తప్పిపోయిన చదువది.

ఆవిడ పుట్టింది దూదేకులవాళ్ల ఇంట్లో. తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకేవాడు. బడి మానేశాక కరీమున్ మిరపకళ్లాల్లో తాలు కాయలు ఏరడానికి పోయేది. ఎండబెట్టిన కాయల్లో రంగు చెడి తెల్లబారినదే తాలు. ఎర్రటి గుట్టలో ఒక్క తాలు కాయ ఉన్నా ఆ పిల్ల కంటికి ముల్లులా తగిలేది. ఎరుపులో ఎన్ని ఎరుపులున్నాయో అక్కడే నేర్చింది. ఆ కన్ను సంగతి విని జక్రయ్య గారు పిలిపించి, స్టూడియోలో టచింగ్ పనిలో పెట్టుకున్నారు. అది తొంభై ఒకటిలో. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొటిమలు చెరపడం, పాత బొమ్మలకు కుంచెతో రంగులద్దడం టచింగ్ అంటే.

పక్క బల్ల అలీ సాహెబుది. ఆయన ఆవిడకంటే పాతికేళ్లు పెద్ద, పనిలో గురువు. ఆవిడ ఆయన్ని బాబాయ్ అనేది. ఫొటోలు కడిగే మందుల్లో డెవలపర్ పొడీ తెల్లగానే ఉంటుంది, హైపో పొడీ తెల్లగానే ఉంటుంది. పొట్లం మీద ఇంగ్లీషులో రాసుంటుంది. ఒకదాని బదులు ఒకటి కలిపితే బొమ్మ గంగపాలు. అందుకని కరీమున్ పొట్లం పట్టుకుని, "బాబాయ్, ఇది చదువు" అనేది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చదివి చెప్పేవాడు. పదకొండేళ్లు చదివాడు, ఒక్కనాడు విసుక్కోలేదు.

రెండువేల రెండులో కంప్యూటర్ వచ్చింది. జక్రయ్య గారు పోయి అప్పటికి ఏడాది. గుంటూరులో కాలేజీ ముగించుకుని వచ్చిన బెన్నీ స్టూడియో చూసుకుంటున్నాడు. కుర్రవాడు చెడ్డవాడు కాదు గానీ, కొత్త మిషను కొన్నవాడికి ఉండే తొందర అతనికీ ఉంది. ఒకరోజు టీ తాగుతూ చెప్పేశాడు.

"ఇక టచింగ్ అంతా మిషన్లోనే. ఒక కుర్చీ చాలు. ఇంగ్లీషు చదవడం వచ్చినవాళ్లు దాంట్లో కూర్చుంటారు. కరీమున్ అక్కా, నీకు వచ్చా?"

ఇంట్లో భర్త మీరా హుస్సేన్ పరుపులు కుట్టే పని అప్పటికే సగం పడిపోయింది. ఊళ్లో అందరూ స్పాంజి పరుపులకు ఎగబడుతున్నారు. కరీమున్ తన కాళ్ల వంక చూసుకుంటూ, "వచ్చు" అంది.

"సాయిబు గారూ, మీకు?"

అలీ సాహెబు ఒక్కసారి కరీమున్ వైపు చూశాడు. కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. "నాకు రాదు బాబూ" అన్నాడు.

జక్రయ్య గారు బతికుంటే ఆ మాట నమ్మేవారు కాదు. బెన్నీ నమ్మాడు. ఇద్దరూ అబద్ధమే చెప్పారని ఆ ఇద్దరికే తెలుసు. అలీ సాహెబు కుంచెలు గుడ్డలో చుట్టుకుని, దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. గుమ్మం దాటేటప్పుడు, "వస్తానమ్మా" అన్నాడు. కరీమున్ కుంచె కడుగుతూ ఉండిపోయింది.

అడుసు తొక్కిన కాలు కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు చాలు. ఈ అబద్ధానికి నాలుగేళ్ల చెమట కూడా చాల్లేదు. విజయవాడ నుంచి ఒకతను వచ్చి మూడు రోజులు పని నేర్పిస్తే, ఆవిడ అతని నోటి వంక చూడకుండా చేతి వంక చూసింది. ఏ వరసలో ఎన్నోది నొక్కాడో ఇంటికెళ్లి నోటుబుక్కులో తెలుగులో రాసుకుంది. పేర్లు తనే పెట్టుకుంది. మొదటిది దూది. సుడి తిప్పేదానికి గానుగ: ఆరు, ఎనిమిది, పది. నడిమి నుంచి చుట్టూ వెలుగు చిమ్మేదానికి బండిచక్రం: ఆరు, ఆరు, ఐదు. పెళ్లికూతురి బొమ్మ వెనక దూది పరిచి, గానుగ తిప్పి, బండిచక్రం తోలి, మీద మిరపపండు ఎరుపు పోసిందంటే చూసినవాళ్లు నోరు తెరిచేవాళ్లు. మార్టూరు నుంచి, చిలకలూరిపేట నుంచి కూడా పార్టీలు వచ్చి, "ఆవిడ వేసే వెనక ఎఫెక్టే కావాలి" అనేవాళ్లు.

పేరు వచ్చేకొద్దీ భయమూ పెరిగింది. ఎవరైనా ఇంగ్లీషు కాగితం చేతికిస్తే కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయేది. ఆల్బమ్ మీద పేర్లు కొట్టే పని వస్తే, "అక్షరాల పని నీది, రంగుల పని నాది" అని బెన్నీకి నవ్వుతూ అంటగట్టేది. దినదిన గండం నూరేళ్ల ఆయుష్షన్నట్టు రోజులు గడిపింది. అన్నిటికంటే పెద్ద బాధ బెన్నీ పార్టీలను ష్ అన్నప్పుడు. లెక్కను దువా అనుకోనిస్తున్నందుకు దేవుడు తనను క్షమిస్తాడా అని ఆవిడకి నిజంగానే గుబులు పుట్టేది. అప్పుడప్పుడూ లెక్క మధ్యలో ఒక అసలు దువా కూడా కలిపేది, కనీసం సగమైనా నిజం అవుతుందని.

రెండువేల ఆరులో ఒంగోలు నుంచి స్తుతి అనే అమ్మాయి పనిలో చేరింది. కంప్యూటర్ డిప్లొమా చేసింది. మనిషి మెత్తన, చూపు మాత్రం చురుకు. మౌసు ముట్టుకోకుండా కీబోర్డు మీదే టకటకా పని చేసేసేది. చేరిన వారానికే వెనక నిలబడి, "మేడమ్, మీరు చేసేటప్పుడు ఎందుకో లెక్కపెడుతున్నట్టుంటుంది" అంది. కరీమున్ ఆ రోజు నుంచి పెదవులు బిగబట్టి లోపలే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. దాంతో రెండుసార్లు లెక్క తప్పింది కూడా.

ఆ మాఘమాసంలో ఆడపడుచు ఇంట్లో శుభకార్యానికని కరీమున్ రెండు రోజులు సెలవు పెట్టింది. సోమవారం పొద్దున తిరిగొచ్చేసరికి బెన్నీ వాకిట్లోనే ఎదురొచ్చాడు, ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, కంప్యూటర్‌కి వైరస్ పడితే మొత్తం ఫార్మాట్ కొట్టించా. స్తుతి కొత్త వర్షన్ వేసింది. ఇంకా బోలెడు ఎఫెక్టులున్నాయంట. పార్టీ వచ్చేసింది, ఇక కానివ్వు."

పార్టీ అంటే మేదరమెట్ల దగ్గర కోల్డ్ స్టోరేజీ నడిపే వాళ్ల పెళ్లికూతురి పిన్ని. ఆ రోజుల్లో పార్టీ డిజైన్ చేసేవాళ్ల వెనకే స్టూలు వేసుకుని కూర్చుని, దగ్గరుండి చేయించుకునేది. ఆవిడ అప్పటికే స్టూలు మీద ఆసీనురాలై, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఆల్బమ్ సీడీ ప్రింటింగుకి సాయంత్రం బస్సులో విజయవాడ ల్యాబుకి పోవాలి.

"చూడమ్మాయ్, మా పక్కింటోళ్ల ఆల్బమ్‌లో ఏశావే, ఎర్రగా, మబ్బులు మబ్బులుగా? అదే కావాలి. మా పిల్ల ఎనకాల అదే ఉండాల."

"అట్టాగేనండి" అని కరీమున్ కూర్చుంది.

ఆరు. పదకొండు. రెండు.

తెర తెల్లగానే ఉంది. చెయ్యి జారి పక్కది నొక్కానేమో అనుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఆరు, పదకొండు, రెండు. తెలుపు తెలుపే. పోనీ గానుగ చూద్దామని ఆరు, ఎనిమిది, పది నొక్కితే, ఎన్నడూ చూడని పెట్టె ఒకటి ఎదురుగా తెరుచుకుంది. దాన్ని మూసేసింది. జాబితా వంక చూస్తే అదే జాబితా, అవే నల్లటి గీతలు. కానీ ఎక్కడో ఏదో జరిగింది. మధ్యలో ఎవరో కొత్తవాళ్లు వచ్చి దూరారు, వరస చెడింది. ఎవరు దూరారో, ఎక్కడ దూరారో చదవగలిగితే కదా.

"ఏమయిందమ్మాయ్?"

"మౌసు పట్టేసిందండి."

మౌసు తిరగేసి, గుండు తీసి, కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది. ఆ కాలంలో అద్దంకిలో కరెంటు రోజుకి నాలుగుసార్లు పోయేది. మేనమామలా చెప్పకుండా వచ్చి చెప్పకుండా పోయే ఆ కరెంటు, ఆ పూట మాత్రం సత్తెకాలపు సత్తెయ్యలా కదలకుండా కూర్చుంది. యా అల్లా, ఒక్క గంట తీసెయ్, అని ఆవిడ అచ్చమైన దువా చేసింది. ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది.

ఎడమ పక్క పనిముట్ల బొమ్మలు ఉన్నచోటే ఉన్నాయి. అందులో వేలి బొమ్మ ఒకటుంది, రంగును వేలితో రుద్దినట్టు పులుముతుంది. కరీమున్ దాన్ని పట్టుకుంది. ఎరుపు పోసి, తెలుపు పోసి, టచింగ్ రోజుల్లోలా చేత్తోనే మబ్బు దిద్దబోయింది. పది నిమిషాలు పులిమితే అరచేయంత తయారైంది. ఇంకా నలభై పేజీలున్నాయి. కుడితిలో పడ్డ ఎలుకలా అందులోనే తిరుగుతోంది.

"ఇదేందమ్మాయ్, పచ్చడి పులిమినట్టు? నేను చెప్పింది ఇది కాదే" అని పిన్నిగారు గొంతు పెంచింది.

ఆ గొంతుకి బెన్నీ లోపలికొచ్చాడు, స్తుతీ వచ్చింది. స్తుతి కరీమున్ భుజం మీదుగా వంగి చూసి, ఏ కల్మషమూ లేకుండా అంది. "ఫిల్టర్‌లో రెండర్, అందులో క్లౌడ్స్. అక్కడే ఉందిగా మేడమ్, మీ ఎదురుగానే."

నాలుగేళ్లు తన చేతి కింద పనిచేసిన వాటి పేర్లు కరీమున్ మొదటిసారి చెవిన పెట్టింది అప్పుడే. ఎదురుగానే ఉందంట. ఆవిడ జాబితా పైనుంచి కిందికీ, కింద నుంచి పైకీ చూసింది. బాణం ఎక్కడా ఆగలేదు.

బెన్నీ ముఖంలో రంగు మారింది. మెల్లగా అడిగాడు. "అక్కా, ఇది చదువు. ఇక్కడ ఏముంది?"

తేలు కుట్టిన దొంగ ఎంతసేపు నోరు మూసుకోగలడు? కరీమున్ మౌసు వదిలేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"రాదు బెన్నీ. నాకు ఇంగ్లీషు రాదు. ఆనాడూ రాదు, ఈనాడూ రాదు. అది దువా కాదు. ఎన్నోదో లెక్కపెట్టుకునేదాన్ని."

"మరి ఆ రోజు వచ్చన్నావే?"

"అన్నా. ఇంగ్లీషు వచ్చినాయన నా పక్కనే ఉన్నాడు. మీ నాన్న ఉన్నన్నాళ్లూ మందు పొట్లాల మీద రాతంతా నాకు చదివి చెప్పింది ఆయనే. ఇంగ్లీషు అలీ బాబాయికి వచ్చు. నాకే రాదు. ఆయన్ని పంపించి నన్ను ఉంచావు."

ఆ మాట చెప్పేసరికి ఆవిడకి ఏడుపు ఆగలేదు. ఉద్యోగం పోతుందని కాదు. నాలుగేళ్లుగా గొంతులో అడ్డంపడి ఉన్నది ఆ పేరే. బెన్నీ గోడకి చేరబడ్డాడు. గోడ మీద జక్రయ్య గారి పటం ఉంది, కుర్రవాడు దాని వైపు చూడలేకపోయాడు.

అందరి కంటే ముందు తేరుకున్నది పిన్నిగారే. "అయితే ఏందయ్యా ఇప్పుడు? మా బావకీ ఇంగ్లీషు రాదు. ఇరవై ఏళ్లుగా కోల్డ్ స్టోరేజీ నడపట్లా? ఆ రంగు కలిపే చెయ్యి ఆమెదేనా కాదా, అది చెప్పు. బస్సు టైమవుతోంది."

స్తుతి స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. కరీమున్ సంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. దాచడానికి ఇంకేం మిగల్లేదు. స్తుతి పేజీలు తిప్పి, "దూది, ఆరు, పదకొండు, రెండు" అని చదివి, కొత్త జాబితాలో లెక్కపెట్టి, "ఇప్పుడు ఆరు, పదమూడు, ఒకటి అక్కా. రాయనా?" అంది. మేడమ్ పోయి అక్క వచ్చిన సంగతి ఆ తొందరలో ఎవరూ గమనించలేదు.

"నంబర్లొద్దమ్మా. మళ్లీ జరిగితే? ఆ మాట చూపించు. దాని మొదటి అక్షరం ఎట్టా ఉంటుందో చూపించు."

సాయంత్రం బస్సుకి సీడీ అందింది. బెన్నీ రోజంతా ముందు గదిలోనే తిరిగాడు. షట్టర్ దించేటప్పుడు మాత్రం, "రేపు తొమ్మిదికే రా అక్కా, నాలుగు ఆల్బమ్‌లున్నాయి" అన్నాడు. తాళం వేస్తూ, "ఆయన దాచేపల్లిలో ఎక్కడుంటారు?" అని అడిగాడు. కరీమున్‌కి అది కూడా తెలియదు. నాలుగేళ్లలో ఒక్కసారి కనుక్కోలేదు.

శుక్రవారం ఆవిడ బస్సెక్కింది. నరసరావుపేటలో మారి, దాచేపల్లిలో దిగి, ఫ్యాక్టరీ గేటు దగ్గర అడిగి తెలుసుకుంటూ వెళ్లింది. దారి పొడుగునా ఏం తిడతాడో, అసలు ఉన్నాడో లేడో అనుకుంటూనే ఉంది. ఇళ్ల మీద, చెట్ల మీద బూడిదరంగు దుమ్ము. ఒక ఇంటి అరుగు మీద అలీ సాహెబు కూర్చుని మనవరాలి పలక మీద గీతలు దిద్దుతున్నాడు. మనిషి సగమయ్యాడు. కళ్లద్దాలు మందమయ్యాయి.

"ఎవరది? కరీమునా?"

ఆవిడ కింద కూర్చుని, తల ఎత్తకుండా మొత్తం చెప్పింది. దువా సంగతీ, లెక్క సంగతీ, పచ్చడి పులిమిన సంగతీ. ఆయన విన్నాడు. పచ్చడి దగ్గర ఒకసారి నవ్వాడు, నవ్వుతో పాటు దగ్గొచ్చింది.

"ఆ రోజు ఎందుకట్టా చెప్పావు బాబాయ్? వచ్చని చెప్పుంటే కుర్చీ నీదేగా. నేను అబద్ధమాడానని నీకు తెలుసుగా."

"తెలుసు. నువ్వు వచ్చని ఆడావు, నేను రాదని ఆడా. ఇద్దరం ఆడాం. చెల్లుకి చెల్లు." ఆయన పలక పక్కన పెట్టాడు. "నాకు కొడుకున్నాడమ్మా. నీకు ఆ కుర్చీ తప్ప ఏముంది?"

కరీమున్ సంచిలోంచి నోటుబుక్కు తీసి ఆయన చేతిలో పెట్టింది. కొత్త పేజీలో స్తుతి చేత రాయించకుండా తన చేత్తోనే రాసిన అక్షరాలున్నాయి, వంకరటింకరగా, ఒక్కటే మాట. అలీ సాహెబు కళ్లద్దాలు పైకి తోసుకుని, పుస్తకం దూరంగా పట్టుకుని, పాత రోజుల్లో పొట్లం చదివినట్టే చదివాడు.

"క్లౌడ్స్. మబ్బులు."

"అవునంట బాబాయ్. నేను ఇన్నాళ్లూ దూది అనుకున్నా."

"దూదే అనుకో, తప్పేముంది" అని ఆయన పుస్తకం తిరిగి ఇచ్చాడు. ఎప్పటినుంచో అడుగుదామనుకున్నదేదో అడిగినట్టు అడిగాడు. "మన కుంచె ఎరుపు వస్తోందా, ఆ మిషన్లో?"

"రావట్లా" అంది కరీమున్, కళ్లు తుడుచుకుంటూ. "దగ్గరదాకా వస్తోంది. నువ్వొచ్చి చూస్తే చెప్పగలవు. సోమవారం బెన్నీ బండి పంపిస్తానన్నాడు."